చక్రములమీద కాపురము

గూడుబండి ప్రయాణము మన పెద్దలకు క్రొత్త కాదు. బండిలో వరిగడ్డి దట్టముగా పరచి, దానిమీద జంపఖానా వేసి, బియ్యపు మూటను వంటగిన్నెలను వెనుకతట్టు కట్టి, ఇంటిల్లిపాదియు తిరునాళ్ళకో తీర్థమునకో బయలుదేరేవారు. రాత్రికి ఏ చెరువుగట్టుననో ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వండుకొని తిని, కోడి కూసిన వేళకు మరల బండి కట్టేవారు. ఆ నాలుగు రోజులు బండియే వారికి ఇల్లు. అయితే ఆ చెరువుగట్టు వారిది కాదు. ఎడ్లు త్రాగిన నీరు వారిది కాదు. పొయ్యిలోనికి ఏరుకొన్న పుల్లలును వారివి కావు. అవి అన్నియు ఆ ఊరివారివి. ఊరివారు ఒప్పుకొన్నారు గనుకనే ప్రయాణము సాగినది.

బ్రిటన్ దేశపు పల్లెసీమలలో, మోటారుతో నడిచే అట్టి గూడుబండి ఒకదానిలో నేనును మావారును ఏడు వారములు సంచరించినాము. ఆ దేశమున దీనిని 'మోటార్ హోమ్' అంటారు. మేము ఇంటిబండి అని పిలుచుకొన్నాము. ఆ ఇంటిబండి కాపురమును గూర్చియు, దారిలో మాకు చోటిచ్చినవారిని గూర్చియు, చోటు దొరకని మరికొందరిని గూర్చియు ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచినాను.

మావారు వైద్యులు. మన వైద్యకళాశాలలనుండి ఎందరో యువకులు బ్రిటన్‌కు వెళ్ళి అక్కడి జాతీయ ఆరోగ్యసేవలో చేరిన రోజులలో ఆయనయు వెళ్ళినారు. ఉత్తర ఇంగ్లండులోని ఒక పారిశ్రామిక పట్టణములో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి విరమించినారు. అన్ని యేండ్లు ఆ దేశములో ఉన్నను మేము చూచినది ఆసుపత్రి, పిల్లల బడి, సరకుల దుకాణము మాత్రమే. మా మేడమీది కిటికీలోనుండి దూరమున కొండల వరుస ఒకటి కనబడేది. ఒకనాడు ఆ కొండలమీదికి పోవలెనని అనుకొంటూనే కాలము గడచినది. రాత్రి విధుల వలన మేమిద్దరము ఒకే వేళకు కూర్చుండి భోజనము చేసిన దినములు తక్కువ. 2019లో ఆయనకు 68 యేండ్లు. ఆ దేశములో 70 యేండ్లు నిండినవారు డ్రైవింగు లైసెన్సును మూడేండ్లకొకసారి మరల తీసికొనవలెను. "ఇంకను రెండేండ్లున్నవి. ఇప్పుడు పోకపోతే మరెప్పుడు పోతాము?" అని ఆయనయే అన్నారు. మే నెల చివర ఒక బండిని అద్దెకు తీసికొని బయలుదేరినాము.

విహారమునకై ఇంటివంటి బండిని చేయించుకొని ఊరూరు తిరిగినవారిలో ఆ దేశమున ముందుగా చెప్పదగినవారు గోర్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు దేశీయులు. ఆయన నౌకాదళములో వైద్యులుగా పనిచేసి, అనారోగ్యముచేత విరమించి, బాలురకు సాహసకథలు వ్రాస్తూ జీవించినారు. 1885లో బ్రిస్టలు నగరములోని బండ్ల కర్మాగారములో ఒక బండిని చేయించి, దానికి 'వాండరర్', అనగా 'సంచారి' అని పేరు పెట్టినారు. దాని బరువు సుమారు రెండు టన్నులు. లాగుటకు రెండు గుర్రములు. ఒక సేవకుడు మూడుచక్రముల సైకిలుమీద ముందుగా పోయి దారిని చూచి వచ్చేవాడు. ఆ వేసవిలోనే ఆయన దక్షిణ ఇంగ్లండులోని ట్వైఫర్డు గ్రామమునుండి ఉత్తర స్కాట్లండులోని ఇన్వర్నెస్ నగరమువరకు సుమారు 1,300 మైళ్ళు ప్రయాణము చేసినారు. 1907లో కారవాన్ సంఘము స్థాపితమైనప్పుడు ఆయనను ఉపాధ్యక్షులుగా ఎన్నుకొన్నారు. ఆ సంఘము నేటికిని నడుచుచున్నది. 2017లో తన పేరులో మోటార్ హోమ్‌ను కూడ చేర్చుకొన్నది. స్టేబుల్స్ గారి బండిని వారు ఇప్పటికిని భద్రముగా కాపాడుతున్నారు. ఈ దారికి ఆద్యులు ఒక వైద్యులే అని తెలిసినప్పుడు మావారికి కలిగిన సంతోషము ఇంతంత కాదు.

స్టేబుల్స్ గారి నాడు అది ధనవంతుల వేడుక. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొంతకాలమునకు సామాన్యులకును అందినది. 1950ల దశకములో ఫోక్‌స్టన్ పట్టణమునందలి మార్టిన్ వాల్టర్ సంస్థవారు బెడ్‌ఫర్డ్ వ్యానులకు పడకలు, పొయ్యి అమర్చి 'డార్మొబైల్' అను పేర అమ్మినారు. దాని పైకప్పు పెట్టె మూతవలె ఒక ప్రక్కకు లేచేది. దానిక్రింద మనిషి నిలువుగా నిలుచుండవచ్చును. వారము పొడుగున సరకులు మోసిన వ్యానువంటిదే సెలవుదినమున సంసారమును మోయసాగినది.

మా బండి పొడవు ఇరువది అడుగులు, వెడల్పు ఏడడుగులకు కొంచెము ఎక్కువ. అందులోనే రెండు కళ్ళ గ్యాసుపొయ్యి, తొట్టి, శీతలపు పెట్టె, మడిచి పరచుకొను పడకలు, బల్ల, స్నానపు గది. మనుష్యులు, నీరు, సామానులతో కలిపి దాని బరువు 3,500 కిలోలు మించరాదు. 1997 జనవరి 1వ తేదీనుండి కారు పరీక్షలో నెగ్గినవారు మామూలుగా అంతకు మించిన బండిని మరొక పరీక్ష లేకుండ నడుపరాదు. ఇంట్లో మనము బరువు చూచి వస్తువులు కొనము. ఇక్కడ ప్రతి వస్తువునకును బరువే మొదటి ప్రశ్న. నీటితొట్టిలో నూరు లీటర్లు నింపినచో నూరు కిలోలు అక్కడనే తీరినవి. కనుక ఇరువది కిలోల బియ్యపు బస్తాను ఇంటనే ఉంచి, అయిదు కిలోల సంచిని బండి ఎక్కించినాను. అయిపోయినప్పుడల్లా పట్టణములలో కొన్నాము. బియ్యము దొరకని పట్టణము ఇప్పుడు బ్రిటన్‌లో లేదు.

వంటకును, నీళ్ళు కాచుకొనుటకును, రాత్రి వెచ్చదనమునకును గ్యాసుబండయే ఆధారము. అక్కడ బండలు రెండు రంగులలో దొరకుతవి. నీలిరంగు దానిలో బ్యూటేను, ఎర్రరంగు దానిలో ప్రొపేను. నీరు గడ్డకట్టు చలిలో బ్యూటేను ఆవిరి కాదు. బండ నిండుగా ఉన్నను పొయ్యి వెలుగదు. ప్రొపేను సున్నకు దిగువ నలుబది డిగ్రీల వరకు పనిచేస్తుంది. అందుచేత కొండలమీదికి పోవువారు ఎర్రబండను కోరుకొంటారు. శీతలపు పెట్టె సంగతి మరియు వింత. బండి నడుచునప్పుడు అది మోటారు విద్యుత్తుతో పనిచేస్తుంది. విడిదిలో తీగ తగిలించినచో ఆ విద్యుత్తుతో పనిచేస్తుంది. రెండును లేనిచోట గ్యాసుమంటతోనే చల్లబడుతుంది. నిప్పుతో చల్లదనము పుట్టించు ఈ విద్యను మావారు నాకు మూడుసార్లు వివరించినారు. పెరుగు పులియకుండ ఉన్నది గనుక నేను నమ్మినాను.

ప్రతి సాయంకాలము చక్రములక్రింద దిమ్మెలు పెట్టి బండిని చదును చేయవలెను. లేనిచో ఒకరి తల పల్లమునకు దిగుతుంది. ఇందుకు రసమట్టము ఒకటి ఇచ్చినారు గాని, నాకు దోసెపెనమే చాలినది. పోసిన పిండి ఏ వైపునకు జారితే ఆ వైపు ఇంకొక దిమ్మె. పోపు మాత్రము లోపల పెట్టరాదు. ఆ ఘాటు పరుపులలో మూడు రోజులు నిలుస్తుంది. వాకిటిమెట్టు దగ్గర చిన్న పొయ్యి పెట్టి పోపు వేసేదానను. ఇంగువ వాసనకు ప్రక్క బండివారు వచ్చి పలుకరించుట, చారు రుచి చూచుట, వారి చేతి జామును మాకిచ్చుట, ఇట్లు ఆ పోపే మాకు పరిచయపత్రమైనది.

ఇంటిలో పారబోసిన నీరు ఎక్కడికి పోవునో మనము చూడము. ఇంటిబండిలో చూడక తప్పదు. వాడిన నీరు క్రింది తొట్టిలో చేరుతుంది. దానిని బాటప్రక్క వదలరాదు. మరుగుదొడ్డి పెట్టెను రెండుమూడు దినములకొకసారి ఊడదీసి, అందుకై ఏర్పరచిన చోటనే కుమ్మరించి, కడిగి తేవలెను. మా ఇండ్లలో ఇట్టి పని మగవారు చేయుట నేను చూడలేదు. మావారు మొదటి దినముననే ఆ పెట్టె పిడి పట్టుకొన్నారు. "ముప్పదియేండ్లు రోగులకు సేవ చేసినవానికి ఇందులో రోత ఏమున్నది?" అన్నారు. పటము చూచి దారి చెప్పుట నా వంతు. ఆర్డ్నెన్స్ సర్వే అను ప్రభుత్వ సంస్థ 1791నుండి ఆ దేశమును కొలిచి పటములు గీస్తున్నది. ఆ పటములలో ప్రతి కాలిబాట, ప్రతి చర్చి గోపురము, ఎంతటి వాలుగల రోడ్డు అనునదియు కనబడుతుంది. ఏ సందులో ఏడడుగుల బండి పట్టునో పట్టదో నేను ముందు చెప్పిన పిమ్మటనే ఆయన త్రిప్పేవారు.

ఇక రాత్రికి ఎక్కడ నిలుపవలెను? ఇది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. బయటినుండి చూచువారికి ఇంగ్లండు పల్లెసీమ పచ్చని ఖాళీస్థలమువలె తోస్తుంది. కాని అక్కడ ఎవరిదియు కాని భూమి అరుదు. 1960లో పార్లమెంటు ఒక శాసనము చేసి, లైసెన్సు లేని స్థలములలో కారవానుల విడుదులు నడుపరాదని కట్టడి చేసినది. అదే శాసనము ఒక వెసులుబాటును కూడ ఇచ్చినది. గుర్తింపు పొందిన సంఘము ధ్రువపత్రము ఇచ్చినచో, ఒక రైతు తన పొలములో ఒక్కసారికి అయిదు బండ్లవరకు ఆ సంఘ సభ్యులను దిగనీయవచ్చును. అయిదే, ఆరవది కూడదు. కారవాన్ సంఘమువారి జాబితాలో ఇట్టి పొలములు రెండువేలకు మించి ఉన్నవి. మేమును సభ్యులుగా చేరి, మా ప్రయాణములో ఎక్కువ రాత్రులు ఈ అయిదు బండ్ల పొలములలోనే గడిపినాము.

అట్టి చోట ఆడంబరమేమియు ఉండదు. పొలమునకు ఒక గేటు, మూలను ఒక నీటికుళాయి, మురికి కుమ్మరించుటకు ఒక గుంట. గేటు దగ్గర బల్లమీద కోడిగ్రుడ్లు, ప్రక్కన ఒక డబ్బా. గ్రుడ్లు తీసికొని వెల డబ్బాలో వేయవలెను. చూచుటకు ఎవరును ఉండరు. యార్క్‌షైరు లోయలలో మేము దిగిన పొలము ఒక వృద్ధురాలిది. గొర్రెల ఆదాయము చాలక, కుమారుడు పట్టణములో పనికి పోతూ, ఈ అయిదు బండ్ల బాడుగతో ఆ ఇల్లు నిలదొక్కుకొన్నదట. అయిదింటికి మించితే వచ్చినవారి ముఖములు తనకు గుర్తుండవని, గుర్తుండనివారు గేటు మూయరని ఆమె అన్నది. శాసనకర్తలు ఆ సంఖ్యను ఏ లెక్కతో వేసినారో గాని, ఆమె చెప్పిన కారణము నాకు సబబుగా తోచినది.

మేము మొదట వెళ్ళినది మా కిటికీలో కనబడిన ఆ కొండలకే. అది పీక్ డిస్ట్రిక్ట్. 1951లో ఏర్పడిన, బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ వనము. విస్తీర్ణము 555 చదరపు మైళ్ళు. జాతీయ వనమనగా మనకు పులులున్న అడవి జ్ఞప్తికి వస్తుంది. అక్కడ అది వేరు. అందులో ఊళ్ళున్నవి, బడులున్నవి, గొర్రెల మందలున్నవి; ముప్పదివేలకు మించిన జనము కాపురమున్నది. భూమిలో ఎక్కువ భాగము రైతులది, ఇతర యజమానులది. ఆ దృశ్యమును చెడగొట్టకుండ కాపాడుట, ప్రజలు వచ్చి చూచుటకు వీలు కల్పించుట అను రెండు పనులకై ప్రభుత్వము అట్టి ప్రాంతములను ఏర్పరచినది. నేడు ఇంగ్లండులో పది, వేల్సులో మూడు, స్కాట్లండులో రెండు, మొత్తము పదునైదు వనములున్నవి.

ఆ కొండలమీదికి పోవు హక్కు సులభముగా రాలేదు. కిండర్ స్కౌట్ అను కొండపీఠము ఆ కాలమున వేటపక్షులకై మూసి ఉంచిన భూమి. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు పట్టణముల యువ కార్మికులు కొన్ని వందలమంది, నిషేధమును త్రోసి ఆ కొండ ఎక్కినారు. కాపలావారితో పెనుగులాట జరిగినది. అయిదుగురు యువకులకు శిక్ష పడినది. వారు కోరినది ఆదివారమునాడు మిల్లు పొగలేని గాలి. 1949లో జాతీయ వనముల శాసనము, 2000లో కొండలు, బీళ్ళమీద కాలినడకకు హక్కునిచ్చు శాసనము వచ్చినవి. 2002లో, ఆ కొండకు నాటి యజమానులైన డెవన్‌షైరు డ్యూకుల వంశీయులు, తమ పూర్వుడు చేసిన పనికి క్షమాపణ చెప్పినారు. మేము ఆ కొండ అంచుననున్న కాలిబాటమీద నడచినప్పుడు, కుక్కలను వెంటబెట్టుకొని వృద్ధులు, పిల్లలు నెమ్మదిగా పోతున్నారు. ఇట్టి నడకహక్కు బాటలు ఇంగ్లండులోను వేల్సులోను కలిపి సుమారు 140,000 మైళ్ళున్నవి. వాటిలో పెక్కు బాటలు రైతు పొలము నడుమనుండియే పోతవి. రైతు దారి ఇవ్వవలెను; నడచువాడు పైరు త్రొక్కరాదు, గేటు తెరచి వదలరాదు.

అక్కడినుండి ఉత్తరముగా యార్క్‌షైరు లోయలకు పోయినాము. హాస్ అను చిన్న పట్టణము చుట్టును కొండవాలులమీద రాతిగోడలు గళ్ళచీర పరచినట్లుంటవి. ఆ గోడలలో సున్నము గాని సిమెంటు గాని లేదు. రెండు వరుసల రాళ్ళు పేర్చి, నడుమ చిన్నరాళ్ళు కూరి, అక్కడక్కడ గోడ మందము పొడుగునను పట్టు పొడవురాయి అడ్డముగా పెట్టి, పైన నిలువురాళ్ళు బిగిస్తారు. ఆ వనములోనే ఇట్టి గోడలు అయిదువేల మైళ్ళకు మించి ఉన్నవి. చూచుటకు సొగసుగా ఉన్నను, వాటిలో పెక్కు పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో ఊరుమ్మడి బీళ్ళను పంచి సొంతభూములుగా చేసినప్పుడు కట్టినవి. ఉమ్మడి బీటిలో ఆవును మేపుకొన్న పేదకు గోడ లేచిన పిమ్మట మేత లేదు. ఒక సొగసు వెనుక ఒక నష్టము దాగియున్నదని ఆ గోడలను చూచినప్పుడెల్ల నాకు తోచేది.

జూన్ నెలలో ఈడెన్ నది ఒడ్డున ఆపిల్‌బీ పట్టణము చేరినాము. ఏటేట జూన్ మొదటి దినములలో అక్కడ గుర్రముల సంత జరుగుతుంది. జిప్సీలు, ఇతర సంచారజాతులవారు దేశము నలుమూలలనుండి వస్తారు. గుర్రములను నదిలో కడిగి, రోడ్డుమీద పరుగెత్తించి బేరమాడతారు. విల్లువలె వంగిన కప్పులతో రంగులద్దిన పాతకాలపు బండ్లును కొన్ని వచ్చినవి. అవి అచ్చముగా మన గూడుబండ్లు.

పోలిక అంతటితో తీరలేదు. రోమానీ జిప్సీల పూర్వులు సుమారు వెయ్యియేండ్ల క్రిందట మన దేశపు వాయవ్య ప్రాంతమునుండి పడమరకు కదలినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. వారి భాషలో నీరు 'పానీ', కత్తి 'ఛురి'. ఒకటి, రెండు, మూడు అనుటకు 'యేక్, దుయ్, త్రిన్' అంటారు. బ్రిటన్‌లో వారి జాడ తొలిసారి కనబడునది 1505 నాటి స్కాట్లండు రాజకోశపు లెక్కలలో. పావుశతాబ్దమునకు, 1530లో, వారిని దేశమునుండి వెడలగొట్టుటకు ఇంగ్లండులో శాసనము వచ్చినది.

మాకు అయిదు బండ్ల పొలములనిచ్చిన 1960 శాసనమును గూర్చి ఇంతకుముందు చెప్పినాను. దానిలోనే మరొక విభాగమున్నది. ఊరుమ్మడి బీళ్ళలో కారవానులు నిలుపరాదని ఆజ్ఞ చేయుటకు స్థానిక సభలకు అది అధికారమిచ్చినది. జిప్సీలు తరతరములుగా దిగుతూ వచ్చిన బీళ్ళనుండి వారిని తొలగించుటకు ఆ అధికారము ఉపయోగపడినది. 1968లో మరొక శాసనము వారికి విడుదులు ఏర్పరచుట స్థానిక సభల విధి అన్నది. 1994లో ఆ విధిని రద్దు చేసినారు. 2022లో వచ్చిన శాసనము, యజమాని పొమ్మన్నను పోక, గణనీయమైన నష్టమో ఆటంకమో కలిగిస్తూ బండిలో నివసించుటను కొన్ని పరిస్థితులలో నేరముగా నిర్ణయించినది.

ఒకే శాసనము, ఒకే విధమైన చక్రములు. ఏడు వారముల విహారమునకు వచ్చిన మాకు గేటు తెరచుకొన్నది. అదే బ్రతుకుగా గలవారికి బీడు మూతపడినది. బీళ్ళు చెడిపోతవని, చెత్త మిగులుతుందని ఊరివారు చెప్పు ఫిర్యాదులలో నిజము లేకపోలేదు. కాని చెత్త వేయుటకు చోటే చూపనివాడు చెత్తను గూర్చి అడుగుట ఎట్లు? సంతలో ఒక ముసలావిడ నా చీరకొంగు పట్టి చూచి ఏ దేశమని అడిగినది. చెప్పినాను. తన పెద్దలును అక్కడివారే అని విన్నానన్నది. అంతకంటె మేము మాట్లాడుకొన్నది లేదు. కాని ఆ రాత్రి మా పొలములో, మా అయిదింటిలో ఒక చోటున బండి చదును చేసికొన్నప్పుడు, ఆమె బండి ఈ గేటు దగ్గరకు వస్తే ఏమి జరుగునో అని ఇద్దరమును చాలసేపు అనుకొన్నాము.

పిమ్మట సరస్సుల సీమలో ఆరు దినములున్నాము. ఆరింటిలో నాలుగు వాన. కర్క్‌స్టన్ కనుమమీద మేఘము రోడ్డుకు దిగివచ్చి, ముందున్న గొర్రె కూడ కనబడలేదు. బాలల కథలు వ్రాసి పేరొందిన బియాట్రిక్స్ పాటర్ గారు, ఆ కథల ఆదాయముతో ఈ సీమలో పొలములు కొని, 1943లో మరణించునప్పుడు నాలుగువేల ఎకరములకు మించిన భూమిని నేషనల్ ట్రస్టుకు వ్రాసి ఇచ్చినారు. హెర్డ్విక్ అను ఆ కొండగొర్రెల జాతిని ఆ పొలములలో నిలుపవలెనని ఆమె కోరిక. మేము వానలో చూచిన మందలు ఆ జాతివే.

స్కాట్లండులో గ్లెన్‌కో లోయమీదుగా ఇన్వర్నెస్ చేరి, అక్కడినుండి పడమటి తీరమునకు పోయినాము. జూన్ చివరి దినములలో రాత్రి పది దాటినను అక్కడ సూర్యుడు క్రుంకడు. సంధ్యావందనము ఏ వేళకు చేయవలెనని మావారు పరిహాసమాడినారు. ఆ ప్రాంతపు రోడ్లు పెక్కు ఒక్క బండికే చాలును. కొంతకొంత దూరమున ప్రక్కకు ఒదుగు చోట్లు కట్టినారు. ఎదుటివారు వస్తే మన ఎడమనున్న చోటులో ఒదుగవలెను. అది కుడివైపున ఉంటే దాని ఎదుట ఆగవలెను. ఎదుటివారికే గాక, వెనుక వచ్చువారికి కూడ దారి ఇవ్వవలెను. దారి పొందినవారు చేయెత్తి కృతజ్ఞత తెలుపుతారు. దినమునకు నూరుసార్లు చేయెత్తినాము.

2015లో ఆ ఉత్తర తీరపు రోడ్లనన్నిటిని కలిపి 516 మైళ్ళ యాత్రామార్గముగా ప్రకటించినారు. నాటినుండి ఇంటిబండ్లు వెల్లువయైనవి. దుకాణములు, హోటళ్ళు బాగుపడినవి. కాని అక్కడివారికి అది విహారపు బాట కాదు. బడికి, ఆసుపత్రికి పోవు బాట. ఒక మధ్యాహ్నము మా వెనుక చిన్న కారొకటి కనబడగానే మావారు ఒదుగుచోటులో బండి ఆపినారు. ఆమె ఆ జిల్లాలో తిరుగు నర్సు. మేము ఆగిన చోటనే ఆమెయు ఒక్క నిమిషము ఆగి, వేసవిలో తన చుట్టు ఇదివరకటికంటె గంటసేపు ఎక్కువ పట్టుతున్నదని చెప్పి పోయినది. మావారు చాలదూరము మాట్లాడలేదు. "ఆమె పోవలసిన ఇంట ఎవరో ఎదురుచూస్తుంటారు" అని మాత్రము అన్నారు.

ఆపిల్‌క్రాస్ గ్రామమునకు పోవు బియాలఖ్ న బా కనుమ సముద్రతీరమునుండి 626 మీటర్ల ఎత్తునకు మెలికలు తిరిగి లేస్తుంది. మొదట్లోనే, పెద్ద బండ్లు, కారవానులు పోరాదని హెచ్చరికపలక ఉన్నది. మా బండి పట్టవచ్చును, పట్టకపోవచ్చును. పట్టకపోతే అటువారు, ఇటువారు మా వెనుక నిలువవలెను. మేము ఆ కనుమను క్రిందనుండి చూచి, షీల్డెయిగ్ మీదుగా సముద్రపు అంచున పోవు రోడ్డును ఎన్నుకొన్నాము. 2003లో స్కాట్లండు పార్లమెంటు చేసిన శాసనము, బాధ్యతతో మెలగు పాదచారికి దాదాపు ప్రతి కొండమీదను హక్కు ఇచ్చినది. మోటారుబండికి ఆ హక్కు ఇవ్వలేదు. అది న్యాయముగనే ఉన్నది. కాలినడకవాడు తన గుడారమును వీపున మోస్తాడు. మేము మూడున్నర టన్నులను ఇతరుల బాటమీద మోపుతాము.

ఏడు వారములు గడచినవి. ఇద్దరము ఏడడుగుల వెడల్పులో మసలినాము. ఒకరు లేచి నిలుచున్నప్పుడు మరొకరు కూర్చుండవలెను. ఒకరు పొయ్యి దగ్గరకు పోవలెనన్నచో మరొకరు గుమ్మములోనికి ఒదుగవలెను. పెండ్లియైన ఇన్నియేండ్లకు మూడు పూటలు కలిసి భోజనము చేసినాము. ఆయనకు ఉప్పు తక్కువ కావలెనని నాకును, నాకు తెల్లవారుజామున మాటలు ఇష్టము లేవని ఆయనకును అప్పుడే బాగుగా తెలిసినది. దినమునకు ఎన్ని లీటర్ల నీరు చాలునో, ఎన్ని గుడ్డలు చాలునో, ఎన్ని మాటలు చాలునో కొలతకు వచ్చినది. చెంబుతో పోసికొన్న స్నానమునకు, పైనుండి జల్లు క్రింద నిలిచిన స్నానముకంటె సగము నీరు చాలునని ఆ దేశీయులకు మేమును ఒక పాఠము చెప్పగలిగినాము.

ఇట్టి ప్రయాణమును స్వేచ్ఛ అని ప్రకటనలలో వ్రాస్తారు. స్వేచ్ఛ ఉన్న మాట నిజమే. ఎక్కడ నచ్చితే అక్కడ టీ కాచుకొనవచ్చును, వాన వస్తే తలుపు మూసికొనవచ్చును. కాని మా స్వేచ్ఛలో ప్రతి భాగమును ఎవరో ఒకరు ఇచ్చినదే. పొలమిచ్చినది రైతు. కాలిబాట ఇచ్చినది 1932లో శిక్ష అనుభవించిన ఆ యువకులు. రోడ్డుమీద చోటిచ్చినది ఆ నర్సు. విడిది ఇచ్చిన శాసనమునకు వెల చెల్లించినవారిలో ఆపిల్‌బీ సంతలోని ముసలావిడయు ఉన్నది. ఇచ్చినవారు ఇంతమంది ఉన్నప్పుడు, పుచ్చుకొన్నవారికి కొన్ని విధులున్నవి. గేటు మూయవలెను. మురికినీరు చోటు చూచి పోయవలెను. వెనుకవారికి ఒదుగవలెను. పాలు, రొట్టె ఆ ఊరి దుకాణముననే కొనవలెను. బండిలో పుట్టి బండిలో పెరిగినవారికి కూడ ఒక గేటు తెరువుమని అడుగు గొంతులలో మన గొంతును కలుపవలెను.

జూలై నెలలో బండి తాళపుచెవి అప్పగించి ఇంటికి వచ్చినాము. మావారికి 70 నిండినప్పుడు లైసెన్సు మరల తీసికొన్నారు. వేసవి వచ్చినదంటే పటములు బల్లమీదికి వస్తవి. ఆ అయిదు బండ్ల పొలపు వృద్ధురాలికి ప్రతి సంవత్సరము ముందుగా ఉత్తరము వ్రాస్తాము. చోటున్నదని ఆమె వ్రాసిన పిమ్మటనే దిమ్మెలు, దోసెపెనము బయటికి తీస్తాము.